కళ్లు మూసుకుంటే భయం ఎక్కువైతాందా, అయితే కళ్లు తెరిచే కూర్చో తమ్ముడూ

తమ్ముడూ, అక్కా అని పిలిచి అడిగినావు కాబట్టి నువ్వు అనే రాస్తా, ఏమనుకోవద్దు. నువ్వు రాసింది మూడుసార్లు చదివినా. ప్రొద్దుటూరులో బట్టలంగట్లో పని, వయసు 29, హెచ్ఐవీ పాజిటివ్ అని తెలిసి ఎనిమిది నెలలు, దానికి రోజూ వేసుకునే టీఎల్‌డీ మాత్ర ఒక్కరోజు కూడా తప్పలేదు, ఆరో నెల రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ టెస్టులో వైరస్ కనపడలేదని వచ్చింది. అయినా రాత్రి మూడింటికి దిగ్గున లేస్తావు, గుండె దడదడ కొట్టుకుంటాది, చెయ్యి దానంతట అదే మెడ మీదికి పోయి గడ్డలేమన్నా ఉన్నాయేమో అని తడుముతాది. ఫోన్‌లో ధ్యానం యాప్ పెట్టుకుని కళ్లు మూసుకుంటే ఉన్న భయం ఇంకా పెరిగింది. మీ బంధువు ఒకాయనకి నీ సంగతి తెలీదు, ఊరికే మాటల్లో 41 రోజులు ధ్యానం చేస్తే ఏ రోగమైనా పోతాది, ఇంగ్లీషు మందులే అక్కర్లేదు అన్నాడు. ధ్యానం నిజంగా పనికొస్తుందా, రోగాలతో పోరాడే సీడీ4 కణాల లెక్క పెరుగుతుందా, నాకెందుకు కుదరట్లేదు అని అడిగినావు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తా, చెప్పేది ఎవరో తెలీకుండా ఇట్లాంటి మాటలు వినకూడదు. మాది అనంతపురం. మా ఆయన లారీ తోలేవాడు. 2007లో ఆయన పోయినాక నాకు పరీక్ష చేస్తే పాజిటివ్ అని తేలింది. అప్పటికి నా కొడుక్కి నాలుగేళ్లు, వానికి లేదు, దేవుని దయ. 2008 నుంచి మాత్రలు వాడుతున్నా. పదకొండేళ్లుగా మనలాంటోళ్లతో మాట్లాడే పనిలోనే ఉన్నా, కొత్తగా తెలిసినోళ్ల పక్కన కూర్చోవడం, మందులు ఆపేసినోళ్ల ఇంటికి పోయి బతిమాలి మళ్లీ హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి పిల్చుకొని రావడం. డాక్టర్ని కాను. ధ్యానంలో కూడా ఎవరి దగ్గరా పెద్ద శిక్షణ తీసుకోలేదు, పన్నెండు పదమూడేళ్లుగా రోజూ కూర్చుంటున్నా, నాతో పాటు కూర్చున్నోళ్లని చానామందిని దగ్గర నుంచి చూసినా. ఆ చూసిందే చెప్తా.

ముందు మీ బంధువు మాట పక్కన పెట్టేద్దాం. మన వైరస్ ఏం చేస్తాదంటే ఒంట్లో కొన్ని కణాల్లోకి దూరి నిద్రపోతున్నట్టు పడి ఉంటాది, మాత్ర అందుతున్నంత కాలం దాని సంతతి పెరగదు, మాత్ర ఆపితే చానామందికి కొన్ని వారాల్లోనే మళ్లీ రక్తంలోకి వచ్చేస్తాది. ఎంత గొప్ప ధ్యానమైనా ఆ కణాల జోలికి పోలేదు. కర్నూలు వైపు ఒక ఆటో అన్న ఉన్నాడు, నాలుగేళ్లు చక్కగా మాత్రలు వాడినాడు, తర్వాత ఎవరో చెప్పినారని ధ్యానంలోకి దిగినాడు, మనసు నిజంగానే నెమ్మదించింది, చిక్కు వచ్చింది అక్కడే, మనసు బాగైంది కాబట్టి ఒళ్లు కూడా బాగైపోయింది అనుకుని మాత్ర ఆపేసినాడు. ఏడు నెలలకి దగ్గు, సాయంత్రం పూట జ్వరం, చూస్తే టీబీ. నేను పోయేసరికి మనిషి సగమైపోయి నులక మంచం మీద ఉన్నాడు, నన్ను చూసి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. మళ్లీ మందులు మొదలుపెట్టి బయటపడినాడు. ఇప్పటికీ ధ్యానం చేస్తాడు, మాత్ర వేసుకుని చేస్తాడు.

సీడీ4 సంగతి. దీని మీద అమెరికాలో పరీక్షలు చేసినారు. 1979లో జాన్ కబాట్ జిన్ అనే ఆయన మాసాచుసెట్స్‌లో ఒక ఆసుపత్రిలో ఎనిమిది వారాల ధ్యానం కోర్సు మొదలుపెట్టినాడు, మతం లేకుండా, నొప్పులున్నోళ్లకి, టెన్షన్ ఉన్నోళ్లకి. దాన్నే తర్వాత హెచ్ఐవీ ఉన్నోళ్లకి కూడా నేర్పించి చూసినారు. లాస్ ఏంజిలెస్‌లో 48 మందితో చేసిన చిన్న పరీక్షలో ఎనిమిది వారాలు ధ్యానం చేసినోళ్ల సీడీ4 నిలబడింది, ఒక్కరోజు క్లాసు మాత్రమే విన్నోళ్లకి తగ్గింది. ఇది పేపర్లలో బాగా తిరిగింది, ధ్యానంతో సీడీ4 పెరుగుతాదని నీ చెవిన పడింది కూడా దీని తోకే అయ్యుంటాది. కానీ తర్వాత, 2018లో వచ్చింది, శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లు ఇంకా మాత్రలు మొదలుపెట్టని 177 మందితో పెద్దగా చేసి చూస్తే సీడీ4లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. కాబట్టి సీడీ4 పెంచే పని మాత్రది. నా సీడీ4 మొదట 164 ఉండింది, ఇప్పుడు ఏడొందలు దాటింది, అది మాత్రలతోనే అయింది, దాంట్లో నా ధ్యానం గొప్ప ఏమీ లేదు. ధ్యానంతో నాకు దక్కింది వేరే. ఆ మాత్రని ఇన్నేళ్లు విసుగు లేకుండా వేసుకోగలిగినా, రాత్రి పడుకోగలిగినా, కొడుకు మీద అరవడం తగ్గింది.

ఇది చిన్నది అనుకోవద్దు. మనకి దిగులు, ఆందోళన మామూలు జనం కంటే ఎక్కువ, అది ఎక్కడ చూసినా అంతే. దిగులు పట్టినోడు మొదట ఏం చేస్తాడు, తిండి మానేస్తాడు, తర్వాత మాత్ర మానేస్తాడు. ఎందుకు వేసుకోవాలిలే అనిపిస్తాది. ఒకపూట వేసి ఒకపూట మానితే వైరస్ ఆ మందుకి లొంగకుండా పోవచ్చు. నేను మందులు ఆపేసినోళ్ల ఇళ్లకి పోయినప్పుడు బస్సు ఛార్జీలు లేక ఆపినోళ్లు కొందరు, ఎవరన్నా చూస్తారని ఆపినోళ్లు కొందరు, మిగతా చానామంది బతుకు మీద ఆశ పోయి ఆపినోళ్లే.

ఇప్పుడు నీ అసలు బాధకి వస్తా. కళ్లు మూసుకుంటే భయం ఎక్కువ కావడం నీ తప్పు కాదు, నీకు చేతకాకా కాదు. పగలంతా అంగట్లో గిరాకీ, చీరలు విప్పి చూపించడం, మడతపెట్టడం, నవ్వుతూ మాట్లాడటం, అదంతా ఒక మూతలాగా భయం మీద ఉంటాది. కళ్లు మూసుకోగానే ఆ మూత తీసినట్టే. పైగా ఆ యాప్‌లో మీ శరీరాన్ని గమనించండి, తల నుంచి పాదాల దాకా అంటారు కదా, మనలాంటోళ్లకి అది మొదట్లో మంచిది కాదు, ఇది నా గట్టి అభిప్రాయం. మామూలు మనిషి మెడ దగ్గరికి వస్తే మెడ పట్టేసింది అనుకుంటాడు, మనం మెడ దగ్గరికి వస్తే గడ్డ ఉందా అని వెతుకుతాం. గొంతు దగ్గరికి వస్తే నోట్లో పూత వచ్చిందేమో, పొట్ట దగ్గరికి వస్తే బరువు తగ్గినానేమో. అది ధ్యానం కాదు, చీకట్లో కూర్చుని రోగం వెతుక్కోవడం. అందుకే కొత్తోళ్లకి నేను మెడ, గొంతు, పొట్ట వద్దంటా, ఒక రెండు మూడు నెలలు ఆ జోలికే పోవద్దంటా.

నాకూ ఇదే అయింది. అప్పట్లో నాకిచ్చిన మాత్రల్లో స్టావుడిన్ ఉండేది, పొద్దున ఒకటి రాత్రి ఒకటి, కొన్నాళ్లకి పాదాలు నిప్పుల మీద పెట్టినట్టు మంట, అది ఆ మందు వల్లే, తర్వాత దాన్ని ఆపేసినారు. తర్వాత మార్చిన రాత్రి మాత్రలో ఎఫావిరెంజ్ ఉండేది, వేసుకుంటే తల తిరిగేది, కలలు ఎట్ల వచ్చేవంటే లేచినాక కూడా నిజమే అనిపించేవి. ఎవరో ధ్యానం చెయ్యమన్నారని మా మిద్దె పైన తెల్లారుజామున ఐదింటికి కూర్చున్నా. ఎండాకాలం, ఆ పొద్దు ఒక్కటే చల్లగా ఉండేది. కళ్లు మూసుకున్నా. ఒక్క నిమిషం కాలేదు, మా ఆయన ఆఖరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద దగ్గుతాండే శబ్దం, ఆ ఇనప మంచం కిర్రుమనేది కూడా, అంతా చెవిలో ఉన్నట్టే వినపడింది. లేచి మెట్లు దిగి పరిగెత్తినా. మూడు రోజులు అట్లే చేసినా, తర్వాత ఇది నా వల్ల కాదు అని వదిలేసినా.

మందులకి పోయినప్పుడు అక్కడ ఒక సిస్టరమ్మ ఉండేది, వయసైన మనిషి, ఆమెకి చెప్పుకుంటే, కళ్లు మూసుకోమని ఎవరు చెప్పినారమ్మా నీకు, అనింది. అంతే. ఇంటికొచ్చి మరుసటి రోజు ఇత్తడి చెంబు నిండా కుండలో నీళ్లు పట్టుకుని, ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నా. కళ్లు తెరిచే. చెంబు చల్లదనం అరిచేతులకి తెలుస్తాండేది. నీళ్లు మొదట అటూ ఇటూ ఊగేవి, నా చేతులు వణుకుతున్నాయని దాన్ని చూసి తెలిసింది నాకి. ఊపిరి మెల్లగా వదిలే కొద్దీ నీళ్లు నిలబడినాయి. కొంచేపటికి నీళ్లలో తెల్లారుతున్న ఆకాశం కనపడింది, మిద్దె గోడ మీద పక్కింటోళ్ల వడియాల గుడ్డ కనపడింది. మా ఆయన గుర్తుకు రాలేదా అంటే వచ్చినాడు, దగ్గు వినపడింది, కానీ చేతుల్లో చల్లగా చెంబు ఉంది, నేను ఆసుపత్రిలో లేను, మిద్దె మీద ఉన్నా, అది నా ఒంటికి తెలిసింది. ఆ రోజు ఐదు నిమిషాలు కూర్చున్నా. ఆ చెంబు ఇంకా ఉంది మా ఇంట్లో.

కాబట్టి నీకు చెప్పేది ఇదే, పద్మాసనం వద్దు, అగరొత్తులు వద్దు, మనసు ఖాళీ చెయ్యాలన్న పంతం అసలే వద్దు. మనసు ఖాళీ ఎవరికీ కాదు, తలపులు వస్తానే ఉంటాయి. మనం చేసేది ఒక్కటే, తలపు వచ్చింది అని తెలుసుకుని మళ్లీ ఊపిరి దగ్గరికో చేతిలో ఉన్న దాని దగ్గరికో రావడం, ఐదు నిమిషాల్లో యాభై సార్లు పోయి యాభై సార్లు వచ్చినా అది ధ్యానమే, ఆ రావడమే అభ్యాసం.

ఎప్పుడు కూర్చోవాలి అంటే, మాత్ర వేసుకున్న వెంటనే. దీనికి కారణం ఉంది. నువ్వు డబ్బా ఎక్కడ దాచిపెట్టినావో రాసినావు, డబ్బా కదిలిస్తే మాత్రలు గలగలమంటాయని లోపల దూది పెట్టినా అని కూడా రాసినావు. నేనూ పెట్టేదాన్ని. లేబుల్ చింపేసేదాన్ని. మనలో చానామందికి రోజు మొత్తం మీద ఒళ్లు బిగుసుకునే సమయం ఏదంటే ఆ మాత్ర వేసుకునే అర నిమిషమే. తలుపు దగ్గరికి వేసి, అమ్మ వంటింట్లో ఉందా లేదా చూసుకుని, గబుక్కున మింగి, డబ్బా మళ్లీ బట్టల కింద తోసి. రోజూ ఒకే టైముకి రోగం ఉంది, దాచాలి అని ఒంటికి గుర్తు చేస్తున్నట్టు. ఏడాదికి 365 సార్లు. ఆ అర నిమిషం తర్వాతనే ఐదు నిమిషాలు కూర్చున్నావనుకో, కొన్నాళ్లకి ఒంటికి ఆ టైము అంటే వేరే అర్థం వస్తాది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, చేస్తా చేస్తా తెలిసింది, నా దగ్గరికి వచ్చినోళ్లలో నిలబడినోళ్లంతా ఇట్ల మాత్రకి ముడిపెట్టినోళ్లే, ఖాళీ దొరికినప్పుడు చేస్తాలే అన్నోళ్లు వారంలో వదిలేసినారు.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చో, పాదాలు రెండూ నేలకి ఆనించు, చేతిలో నీళ్ల గ్లాసు పట్టుకో, మాత్రకి ఎట్లాగూ నీళ్లు తెచ్చుకుంటావు కదా, ఎవరన్నా చూసినా నీళ్లు తాగుతున్నాడు అనుకుంటారు. చూపు గ్లాసు మీద పెట్టు. ముక్కుతో నాలుగు లెక్కపెడతా పీల్చు, ఆరు లెక్కపెడతా వదులు. బలవంతంగా కాదు, ఆయాసం వస్తే మూడు, ఐదు చేసుకో. వదిలేది పీల్చే దానికంటే పొడుగ్గా ఉండాలి, అదొక్కటే రూలు. ఎందుకంటే భయం వేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పారుతాది, గుండె పరిగెత్తుతాది, దాన్ని ఆగు అంటే ఆగదు, కానీ ఊపిరి మన మాట వింటాది, ఊపిరి వదిలేటప్పుడు గుండె సహజంగానే నెమ్మదిస్తాది. నమ్మకపోతే మణికట్టు దగ్గర నాడి మీద వేలు పెట్టి చూడు, పీల్చినప్పుడు రవ్వంత వేగం, వదిలినప్పుడు రవ్వంత నిదానం, నీ వయసులో బాగా తెలుస్తాది. నేను కొత్తోళ్లకి ముందు ఇదే చేయిస్తా, నాడి నెమ్మదించడం వాళ్ల వేలికే తెలిస్తే ఇంక నేను చెప్పాల్సిన పని లేదు.

తలపు వస్తే దానికి ఒక పేరు పెట్టు. అమ్మకి తెలిస్తే, పెళ్లి సంబంధం వస్తే, అంగట్లో ఓనరుకి తెలిస్తే, ఇట్ల వరసగా వస్తాయి. భయం వచ్చింది, అనుకో లోపల. నేను భయస్తుణ్ణి అని కాదు, భయం వచ్చింది అని. చుట్టం వచ్చినాడు అన్నట్టు. వచ్చింది కొంచేపు కూర్చుని పోతాది. కన్నీళ్లు వస్తే రానీ, ఊపిరాడనట్టు అనిపిస్తే మాత్రం మొండిగా కూర్చోవద్దు, లేచి మొహం కడుక్కో, రేపు చూద్దాం.

జపం అలవాటు ఉంటే అదే చెయ్యి. మా దగ్గర ఒక ముస్లిం అమ్మ తస్బీ తిప్పుతాది, ఒక చర్చి అన్న మనసులో ఒకే చిన్న ప్రార్థన తిప్పుతా ఉంటాడు, ఇంకొకామె గోవింద గోవింద అనుకుంటాది. మీ కడప వైపు వాళ్లకి ఏం తక్కువ, అన్నమయ్య పుట్టిన తాళ్లపాక ఉంది, దేవుని కడప ఉంది, కడప పెద్ద దర్గాకి హిందువులు ముస్లింలు కలిసి పోతారు. మనసు పట్టుకోడానికి ఒక గుంజ కావాలి, నీకు ఏ గుంజ చిన్నప్పటి నుంచి తెలుసో దానికే కట్టు. మన కర్నూలులోనే సుభాష్ పత్రి గారు 1990లో కర్నూల్ స్పిరిచువల్ సొసైటీ పెట్టినాక శ్వాస మీద ధ్యాస అనే మాట మన పల్లెల్లో కూడా పాకింది, అది బుద్ధుడి కాలం నాటి ఆనాపానసతే. మీ ఊళ్లో ఎవరన్నా కలిసి కూర్చుంటాంటే పోయి కూర్చో, మంచిదే, నలుగురిలో కూర్చుంటే అలవాటు నిలబడతాది. నీ సంగతి అక్కడ ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. పది రోజుల విపశ్యన శిబిరానికి మాత్రం ఇప్పుడే పోవద్దు, అక్కడ రోజుకి దాదాపు పది గంటలు కూర్చోవాలి, మాటలు ఉండవు, ఫోన్ ఉండదు, మనసు ఇంత కలత మీద ఉన్నప్పుడు అది మోయలేని బరువు. ఒక ఏడాది పోయినాక, దిగులు తగ్గినాక ఆలోచించు, అప్పుడు కూడా మందుల సంగతి ఫారంలో రాసి, డబ్బా వెంట పెట్టుకుని పో.

రాత్రి మూడింటి సంగతికి వస్తే, నువ్వు మాత్ర రాత్రి భోజనం తర్వాత వేసుకుంటున్నా అని రాసినావు. టీఎల్‌డీలో డోలుటెగ్రావిర్ అనే మందు ఉంటాది, అది కొందరికి నిద్ర చెడగొడతాది. అట్లాంటోళ్లని పొద్దునకి మార్చుకోమని సెంటర్‌లోనే చెప్తారు. నీ అంతట నువ్వు మార్చొద్దు, ఏఆర్‌టీ సెంటర్‌లో అడిగి మార్చు, ఎట్ల మార్చాలో వాళ్లే చెప్తారు. నాకైతే ఇది సగం సమస్యకి మందు అనిపిస్తాంది. ఇంకోటి, ఐరన్ మాత్రలు, క్యాల్షియం మాత్రలు, గ్యాస్‌కి తాగే మందులు దాంతో పాటు వేసుకుంటే డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగ్గా పట్టకపోవచ్చు, అట్లాంటివేమన్నా వాడుతుంటే అది కూడా చెప్పు. అంగట్లో సాయంత్రం తాగే టీలు తగ్గించు.

మెలకువ వస్తే ఫోన్ ముట్టుకోవద్దు, హెచ్ఐవీ లక్షణాలు అని వెతకడం మొదలుపెడితే తెల్లారిపోతాది. చెయ్యి మెడ మీదికి పోతే తిట్టుకోకు, ఆ చేతిని తీసి ఛాతీ మీద పెట్టు, పైకీ కిందికీ కదిలేది తెలుస్తాది, అక్కడే ఉంచి వదిలే ఊపిరి లెక్కపెట్టు, పది దాకా పోయి మళ్లీ ఒకటి. నిద్ర రావాలి అనుకుని చెయ్యొద్దు, పడుకుని ఉన్నా చాలు అనుకుని చెయ్యి.

ఒక మాట నెమ్మదిగా అడుగుతా. నువ్వు చివర్లో, నా తప్పుకి నాకు ఇదే శిక్ష అని రాసినావు. దాని దగ్గర నేను చానాసేపు ఆగిపోయినా. నాది ఇంకో రకం, నేను ఏ తప్పూ చెయ్యలేదు, మా ఆయన వల్ల వచ్చింది అని ఆరేడేళ్లు పోయిన మనిషి మీద పళ్లు కొరికినా, ఆయన ఫోటోకి దండ వెయ్యలేదు. నీ కోపం నీ మీద, నా కోపం ఆయన మీద, రెండూ రాత్రి నిద్ర లేకుండా చేసేవే. దీనికి ఊపిరి లెక్క చాలదు. కూర్చున్న ఐదు నిమిషాల్లో ఆఖరి నిమిషం ఇది చెయ్యి. మొదట నీకు ప్రాణమైన వాళ్లని తలుచుకో, మీ అమ్మనో, అక్క పిల్లనో. బాగుండాలి, నెమ్మదిగా ఉండాలి అనుకో. ఇది ఎవరికైనా వస్తాది. తర్వాత అదే మాట నీకు చెప్పుకో. రాదు. గొంతులో అడ్డం పడతాది, నాకు నేను ఈ మాట ఎట్ల చెప్పుకునేది అనిపిస్తాది. రాకపోతే ఆరేళ్ల వయసులో నువ్వు ఎట్లుండేవాడివో, ఒక ఫోటో ఉంటాది కదా స్కూల్ యూనిఫాంలో, ఆ పిల్లోణ్ణి తలుచుకుని వానికి చెప్పు. నేను దాదాపు ఏడాది చేసినాక ఒక రోజు అప్రయత్నంగా ఆ మాట మా ఆయనకి అన్నా. లారీ దిగి వచ్చి, కొడుకుని ఎత్తుకుని, గడ్డం గుచ్చుకుంటాందని వాడు ఏడిస్తే నవ్వే మనిషి గుర్తొచ్చినాడు, ఆసుపత్రి మంచం మీద మనిషి కాదు. ఆ సంవత్సరం దండ వేసినా.

ఇది రోగం, శిక్ష కాదు. వైరస్ మన మంచిచెడ్డలు చూసి రాలేదు.

ఇప్పుడు ధ్యానం చాలని చోటు చెప్తా, ఇది జాగ్రత్తగా చదువు. రెండు వారాలకి పైన రోజులో ఎక్కువ భాగం దిగులే ఉంటే, ఇష్టమైన వాటి మీద కూడా మనసు పోకపోతే, తిండి సయించకపోతే, చచ్చిపోతే బాగుండు అన్న తలపు ఒక్కసారి వచ్చినా, అది ఐదు నిమిషాల కూర్చోవడంతో పోయేది కాదు. డాక్టర్ దగ్గరికి పో. కర్నూలు, కడప, అనంతపురం మూడు చోట్లా పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్యం ఓపీ ఉంది. పిచ్చి డాక్టరు అనే పాత మాట వదిలెయ్యి. డిప్రెషన్‌కి ఇచ్చే మందుల్లో మన మాత్రతో కలిపి వాడుకోగలిగినవి ఉన్నాయి, నేను టీఎల్‌డీ వాడుతున్నా అని ఆ డాక్టర్‌కి చెప్పాలి అంతే. ఆ మందులు రెండు నుంచి నాలుగు వారాలకి గానీ పని మొదలుపెట్టవు, పది రోజులు వేసి ఏం లేదు అని ఆపొద్దు. నేను కూడా తొమ్మిది నెలలు వాడినా, ధ్యానం చేస్తానే వాడినా, ఒకటి ఇంకొకదానికి అడ్డం కాదు. నిజానికి ఆ మందు పట్టినాకనే నాకు కూర్చోడానికి ఓపిక వచ్చింది. నీరసం మరీ ఎక్కువుంటే థైరాయిడ్, రక్తం తక్కువ, టీబీ కూడా చూపించుకో, అన్నీ మనసు మీదికి తోసెయ్యకూడదు.

అర్ధరాత్రి తలపులు మరీ చెడ్డగా వస్తే 14416కి ఫోన్ చెయ్యి, అది టెలి మానస్, 2022 నుంచి ఉంది, ప్రభుత్వానిది, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. హెచ్ఐవీ గురించే అడగాలంటే 1097. నోరు విప్పి ఒక్క మనిషికి చెప్పుకోవడం ఎంత తేలికో నీకు తెలీదు ఇంకా, నువ్వు ఎనిమిది నెలల నుంచి ఒక్కడివే మోస్తాండావు. నువ్వు మందులు తెచ్చుకునే సెంటర్‌లో కౌన్సిలర్ ఉంటారు, లైన్లో నిలబడి డబ్బా తీసుకుని తల దించుకుని బస్సెక్కి రావడం కాదు, ఈసారి పది నిమిషాలు కూర్చుని మాట్లాడు.

ఉద్యోగం భయం గురించి ఒక్క మాట, 2017లో హెచ్ఐవీ ఉన్నోళ్ల కోసం చట్టం వచ్చింది, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది, నమ్మి చెప్పిన నీ సంగతిని నీ అనుమతి లేకుండా బయటపెట్టడానికి ఆ చట్టం ఒప్పుకోదు, ఉద్యోగానికి హెచ్ఐవీ టెస్టు అడగడానికి లేదు. పెళ్లి గురించి, వైరస్ కనపడని స్థితిలో మాత్ర తప్పకుండా వాడేవాళ్ల నుంచి భార్యకో భర్తకో కాపురం వల్ల అంటదు, ఇది పెద్ద పెద్ద పరిశోధనల్లో తేలిన మాట. పిల్లలు కూడా హెచ్ఐవీ లేకుండానే పుడతారు. కానీ దాచిపెట్టి పెళ్లి చేసుకోవద్దు నాయనా, నా బతుకు చూసి చెప్తున్నా. దాని గురించి విడిగా మాట్లాడదాం, ఇప్పుడే తేల్చుకోవాల్సింది కాదు, మీ అమ్మ సంబంధాలు అంటే ఏడాది ఆగమ్మా అను.

రేపే మొదలుపెట్టు, ఎప్పుడు వేసుకునే టైముకి అప్పుడే మాత్ర, తర్వాత గ్లాసు, ఐదు నిమిషాలు. క్యాలెండర్ వెనకాల కూర్చున్న రోజు ఒక చుక్క పెట్టు, రాత్రి మెలకువ వస్తే ఎన్నింటికి వచ్చిందో పక్కన రాయి. నడుమ రెండు రోజులు తప్పితే తప్పిందని రాయి, మూడో రోజు మళ్లీ కూర్చో. ఈ నెల మందులకి పోయినప్పుడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయి కౌన్సిలర్‌కి చూపించి, మాత్ర పొద్దునకి మార్చుకోవచ్చా అని అడుగు. వాళ్లేమన్నారో నాకు రాయి.